పాలబండ కింద ఎవరూ లేరు

ముందే చెప్పేస్తున్నాను, దయ్యం అంటే చెవిన పెట్టే మనిషిని కాను నేను. నా ఉద్యోగమే సమాధుల మధ్య. బందరులో డచ్చి దొరల గోరీల మీద కూర్చుని రెండు వేసవులు సద్దన్నం తిన్నాను. ఒక్క దొర కూడా లేచి ఊరగాయ ముక్క అడిగిన పాపాన పోలేదు. మా అమ్మ మాత్రం నేను ఇంటికి వచ్చినప్పుడల్లా గడప బయటే నిలబెట్టి కాళ్ళ మీద పసుపు నీళ్ళు పోసేది. పసుపు దండగమ్మా అని నవ్వేవాణ్ణి.

అలాంటివాణ్ణి ఇది రాస్తున్నానంటే రాయక తప్పలేదు కాబట్టి. చూసింది చూసినట్టు చెబుతాను. అల్లి చెప్పడం నాకు రాదు. చదివాక మీకేదైనా కారణం తోస్తే సంతోషం, నాకైతే తోచలేదు.

ఇది మద్రాసు రాజధాని రోజుల మాట. మా మార్కాపురం తాలూకా అప్పట్లో కర్నూలు జిల్లాలో ఉండేది. మా నాయన పలకల గనిలో పనివాడు. నేను నాలుగు అక్షరాలు నేర్చుకుని, పాత రాళ్ళ మీది రాతలకు అచ్చులు తీసే సర్కారు కొలువులో కుదిరాను. రాయిని శుభ్రంగా కడిగి, తడి కాగితం పరిచి, అక్షరాల గుంటల్లోకి దిగేదాకా బ్రష్షుతో కొట్టాలి. ఆరబోతుండగా సిరా గుడ్డతో అద్దాలి. కాగితం ఎత్తితే నలుపు మీద తెల్లగా అక్షరాలు లేస్తాయి. ఓపిక ఉన్నవాడికి మంచి పని.

ఆ ఏడు ఆషాఢంలో మాకు పాప పోయింది. దానికి మూడో నెల నడుస్తోంది. జ్వరం వచ్చింది, తగ్గిందనుకున్నాం, తగ్గలేదు. మా వైపు పసిబిడ్డల్ని కాల్చరు, పూడుస్తారు. ఆడవాళ్ళు అక్కడికి రాకూడదు. మా నాయనా నేనూ ఎత్తుకుపోయి ఏటి పక్కన పసివాళ్ళను పెట్టే చోట పెట్టి, నక్కలు తవ్వకుండా పైన ముళ్ళ కంప కప్పాం. వచ్చేసే ముందు మా నాయన మొలలోంచి విరిగిన పలక ముక్కొకటి తీసి తలవైపు నిలువునా మట్టిలో దిగ్గొట్టాడు. ఇంట్లో చెప్పొద్దన్నాడు. చెబితే ఆడవాళ్ళు పోయి అక్కడే కూర్చుంటారని ఆయన భయం.

ఆ సాయంత్రం మా ఆవిడ నరసమ్మ నన్ను ఒకే మాట అడిగింది. "ఏడ పెట్టినారు?"

"ఏటి పక్కన" అన్నాను.

"ఏటి పక్కన అంటే ఏడ?"

నేను జవాబు చెప్పలేదు. ఆచారం అలాంటిది, పైగా మా నాయన మాట. నరసమ్మ ఇంకోసారి అడగలేదు. ఇంకేమీ మాట్లాడనూ లేదు. మా అమ్మ పాలు ఇంకిపోవడానికి రొమ్ములకు మల్లెపూలు కట్టింది. కొన్నాళ్ళకు పాలూ ఇంకిపోయాయి, మాటా ఇంకిపోయింది. వంట చేసేది, నీళ్ళు తెచ్చేది, పిలిస్తే తలెత్తి చూసేది. నోరు తెరిచేది కాదు. కన్నీళ్ళు కూడా రాలేదు. అదే మాకు ఎక్కువ భయం వేసింది. ఏడవని మనిషి ఏమైపోతుందోనని మా అమ్మ మొక్కని దేవుడు లేడు.

మాఘంలో నాకు తాఖీదు వచ్చింది. పెద్దారవీడు అవతల, నల్లమల కింద ఒక పల్లెలో, చేని గట్టు మీద తెల్లవాళ్ళ అక్షరాలున్న రాయి ఉందట. డచ్చి వాళ్ళ గోరీ రాయి కావచ్చు, ముందు పోయి కడిగి అచ్చు తీసి ఉంచు, నేను వెనకాల వస్తున్నాను అని మా ఆఫీసరు గారి కబురు. ఆ పల్లె పేరు నేను చెప్పను. అక్కడివాళ్ళు ఒప్పుకోరు.

"దాన్ని గూడా తీసకపో నాయనా. ఈడుంటే ఆ ఉయ్యాల కొక్కెం చూస్తానే కూచ్చుంటాది" అంది మా అమ్మ. బండి కట్టించుకుని ఇద్దరం బయలుదేరాం. దారి పొడుగునా నేనే వాగాను. ఎద్దులైనా తోకలు ఊపాయి గాని నరసమ్మ ఊ అనలేదు.

ఆ చేను కాశయ్య అనే రైతుది. మాకు దిగడానికి వాళ్ళింటి పంచలోనే చోటు ఇచ్చారు. ఇంటి పెత్తనమంతా వాళ్ళమ్మ ఓబులమ్మది. పండు ముసలి, నోరు మాత్రం ముసలిది కాదు. నన్ను చూడగానే, "రాళ్ళు కడిగేదానికి గూడా జీతమిస్తాదా సర్కారు? మా ఇంట్లో తిరగలి ఉంది, కడిగిపో" అంది. నరసమ్మను చూసి మాత్రం ఏమీ అనలేదు. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయి కాళ్ళకు వేన్నీళ్ళు పెట్టింది.

మరునాడు రాయి చూశాను. గట్టు మీద రేగు చెట్టు పక్కన పడుకోబెట్టి ఉంది. తలుపు రెక్కంత నల్లరాయి. మా నేల రాయి కాదు, గనివాడి కొడుకుని, ఆ మాత్రం తెలుసు. చుట్టూ లతలు చెక్కారు, పనితనం మన శిల్పులది. తల దగ్గర రెక్కలున్న పసిమొహం. కింద వరుసలుగా అక్షరాలు. అంతా పసుపూ జిడ్డూ. ఎక్కడ చూసినా పాలు కారి ఎండిన చారలు.

ఈ పాలేమిటవ్వా అని ఓబులమ్మను అడిగాను. ఆమె చెప్పింది ఇది.

ఆ చుట్టుపక్కల పసిబిడ్డ పోయిన తల్లి, రొమ్ములు సలుపుతుంటే పాలు పిండి నేల మీద పారబోయదట. తొక్కుడు పడకూడదు. గిన్నెలో పట్టుకొచ్చి ఈ బండ మీద పోస్తుంది. దీన్ని పాలబండ అంటారు.

"దీని కింద దొరల బిడ్డ ఉంది నాయనా. తల్లి యాడికి పోయిందో, దేశం గాని దేశంలో ఒంటిగా ఉంది. ఈడ మనం ఆ బిడ్డకు పోస్తే, ఆడ మన బిడ్డకు ఎవురో ఒక తల్లి పోస్తాది. ఆకలికి ఉండవు బిడ్డలు."

అక్షరం రాని మనుషులు ఆ రెక్కల మొహం చూసి అది పసిబిడ్డ రాయని ఎప్పుడో కనిపెట్టుకున్నారు. నేను కడిగి చూస్తే నిజమే. బందరులో చేసిన అలవాటు కొద్దీ ఆ రాతలో మొదటి మాటలు నాకు తెలుసు. ప్రతి రాయి మీదా ఉండేవే. ఇక్కడ పడుకుని ఉన్నది అని అర్థం. తర్వాత పేరు, కత్రినా అని చదువుకున్నాను, పలకడం తప్పేమో. తర్వాత తండ్రి పేరు, కొంచెం అరిగింది. చివర వయసు. ఏళ్ళు లేవు, నెలలే ఉన్నాయి.

నాకు ఆచారాలంటే చిన్నచూపు గాని, ఆ రోజు నవ్వు రాలేదు.

మధ్యాహ్నం ఓబులమ్మ నరసమ్మను గట్టు వెంబడి నడిపించుకుని వచ్చింది. నేను వద్దనే లోపలే చెంబు చేతికిచ్చింది. "పాలు లేకుంటే నీళ్ళన్నా పోయి తల్లీ. మనసుండాల గాని ఏదైతే ఏంది." నరసమ్మ చెంబు పక్కన పెట్టింది. బండ ముందు కూర్చుని, అరచెయ్యి దాని మీద ఆనించి చాలాసేపు ఉంది. తర్వాత నోరు తెరిచింది.

"ఈడ ఎవురూ లేరు" అంది.

"అట్ల అనబాకమ్మా" అని ఓబులమ్మ చెంపలు వేసుకుంది. నేను మాత్రం ఎగిరి గంతేసినంత పని చేశాను. ఆషాఢం నుంచి మాఘం దాకా వినని గొంతు! ఏమందన్నది నాకు పట్టలేదు. అన్నది చాలు. రాయేమో ఇక్కడ ఉన్నది అంటోంది, మా ఆవిడేమో లేదంటోంది, ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలి అని పరాచికం కూడా ఆడాను. ఆమె నవ్వలేదు. మళ్ళీ నోరు కట్టేసుకుంది.

అచ్చులు తీయడం పూర్తయ్యాక ఆఫీసరు గారు వచ్చారు. మద్రాసు మనిషి, పుస్తకాల తెలుగు మాట్లాడేవారు. మంచివారు, కాని రూలు అంటే రూలే. అచ్చు చూసి చాలా సంబరపడ్డారు. వజ్రాల బేరానికి బందరు డచ్చి వర్తకులు కంభం మీదుగా నందికనుమ దాటి పోయేవారనీ, అలా పోతున్న బండ్ల బిడారులో ఈ పసిబిడ్డ పోయి ఉంటుందనీ అన్నారు. రాయి తర్వాత కోస్తాలో చెక్కించి పంపి ఉంటారు.

"ఇంత బరువును ఇంత దూరం ఎడ్ల బండి మీద తెప్పించాడంటే ఆ తండ్రి..." అని ఆగిపోయారు. నేను ఏటి వైపు పోతున్న నా ఆలోచనను పట్టుకుని వెనక్కి లాక్కున్నాను.

రూలు ఇది. రాయి సమాధి మీదే ఉంటే కదిలించకూడదు, అక్కడే చుట్టూ గోడతో కట్టడి చేసి కాపాడాలి. సమాధి లేని చోట ఉత్త రాయి ఉంటే బందరు తరలించి, డచ్చి గోరీల ప్రహరీ లోపల మిగతా రాళ్ళతో భద్రంగా పెట్టాలి. బయట ఉన్న రాళ్ళ గతి ఏమవుతుందో మేం చూసినవాళ్ళమే. కొన్ని బట్టలుతికే బండలయ్యాయి, కొన్ని గడపలయ్యాయి.

గునపాలు వేసి బండ ఎత్తించాం. కింద పార దిగలేదు. భూమి పుట్టినప్పటి నుంచి ఎవరూ తవ్వని చట్టు నేల. గోరీ లేదు, ఎముక లేదు, ఏమీ లేదు.

కాశయ్య తల గోక్కున్నాడు. "మా తాతల కాలంలో నాగలికి అడ్డమొస్తా ఉందని గట్టుకు లాగినారంటయ్యా. ఊరికే లాగలేదు, మొక్కుకొని, పసుపు పెట్టి, కొబ్బరికాయ కొట్టి లాగినారంట. యాడ నుంచి లాగినారో మాత్రం చెప్పినోళ్ళు లేరు."

రైతు మనిషి చేసే పొరపాటు అది. దేవుడికైనా దండం పెట్టి చేలోంచి పక్కకు జరపమంటాడు. వాళ్ళు రాయికి ఏ లోటూ చేయలేదు. బిడ్డ రాయితో పాటే వస్తుందనుకున్నారు.

చేను చూస్తే చాలా పెద్దది. కోసిన జొన్న కొయ్యకాళ్ళు తప్ప ఏ గుర్తూ లేదు. ఎక్కడని తవ్వుతాం? ఆఫీసరు గారు మరుసటి ఉదయానికి బండ్లు మాట్లాడమన్నారు. నాకూ అదే న్యాయమనిపించింది. దాని మనుషుల మధ్యకు అది పోతుంది కదా అనుకున్నాను.

ఓబులమ్మ గట్టు మీద చతికిలబడింది. నోటి మనిషి, తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. చిన్న గొంతుతో అడిగింది.

"అయితే మేం పోసిందంతా ఎవురు తాగినట్ల నాయనా? నేనూ పోసినా. ఇద్దురికి పోసినా."

ఆ ముసలిదానికి ఇద్దరు పోయారని అప్పటిదాకా నాకు తెలీదు. ఆమె లెక్క ప్రకారం దొరబిడ్డకు చుక్క పాలు అందకపోతే, అక్కడ ఆమె బిడ్డలకూ అందలేదు. ఇన్నేళ్ళ తర్వాత ఆ భయం పట్టుకుంది మనిషికి. నేను అచ్చులు చుట్టుకుంటూ తల వంచుకున్నాను. నరసమ్మ పక్కనే నిలబడి అంతా వింది.

తెల్లవారి బండ్లు వచ్చాయి. బండ వెళ్ళిపోతోందని తెలిసి ఊళ్ళో ఆడవాళ్ళంతా పసుపూ కుంకుమా పట్టుకుని బయలుదేరారు. రోజూ లాగా గట్టు చుట్టూ తిరిగి రాకుండా, కోసిన చేనే కదా అని అడ్డంగా పడి వరసగా వస్తున్నారు. చివర మా ఆవిడ. నేనూ ఆఫీసరు గారూ గట్టు మీద తాళ్ళు చూసుకుంటున్నాం. ఎండ ఇంకా ఎక్కలేదు, చలిగానే ఉంది. ఇది ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత చెమటేమో అన్నవాళ్ళున్నారు.

చేను నడిమిలోకి రాగానే నరసమ్మ ఆగింది. ఇంట్లో పని చేసుకునే ఆడమనిషి ఉయ్యాల వైపు చెవి వేసినట్టు తల తిప్పింది. వరస వదిలి పక్కకు నడిచింది. కొంచెం పోయి నిలబడిపోయింది. ఓబులమ్మ పిలిచింది, పలకలేదు. ముల్లు దిగిందో, పురుగు ముట్టిందోనని నేను పరుగెత్తాను.

దగ్గరికి పోయేసరికి ఆమె రవిక ముందంతా తడిసి ఉంది. నేను చూస్తుండగానే తడి పైట మీదికి పాకింది. పాలు. ఆషాఢంలో మల్లెపూలు కట్టి ఇంకించిన పాలు, మాఘంలో చేపుకొచ్చాయి. బిడ్డ గుక్కపట్టి ఏడిస్తే తల్లికి ఎలా చేపుకొస్తాయో అలా.

నరసమ్మ నా మీద కేకలేసింది. మా పెళ్ళయినాక నా మీద అలా అరిచింది లేదు.

"ఇంటానే నిలబడినారేందయ్యా అందరూ? బిడ్డ అంతగా ఏడుస్తా ఉంటే ఒకరన్నా ఎత్తుకోరేంది?"

నాకు ఏమీ వినబడలేదు. ప్రమాణం చేసి చెబుతున్నాను, గాలి కూడా లేదు. తర్వాత ఒక్కొక్కరినీ అడిగాను. ఏ ఆడమనిషికీ వినబడలేదు. కాని ఆమె రవిక చూడనివాళ్ళు లేరు.

ఏం చేయాలో ఎవరూ ఎవరికీ చెప్పలేదు. కాశయ్య పోయి గడ్డపార తెచ్చాడు. ఆఫీసరు గారు వద్దంటారనుకున్నాను. ఆయన దగ్గరికి వచ్చి, నరసమ్మను ఒకసారి చూసి, నెత్తిన టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు.

నాగలి దిగే లోతు దాటాక గడ్డపార ఖంగుమంది. పలచటి ఇటుకలు, సున్నం. బందరులో డచ్చి కట్టడాల్లో నేను చూసిన ఇటుకే. చేతులతో మట్టి తీశాం. చిన్న గూడు, ఉయ్యాల తొట్టి అంత, అంతే. ఒక మూల ఇటుక కూలి లోపలికి మట్టి పోయింది. ఆ మట్టిలో, చివికిపోయిన పెట్టె తాలూకు తుప్పు పట్టిన చిన్న మేకులు, నాలుగు ఎర్ర పూసలు.

ఓబులమ్మ వంగి చూసింది. "పగడాలయ్యా! మనమూ ఏస్తాం గదా బిడ్డ మెడలో, దిష్టి తగలకుండా. వాళ్ళూ ఏసినారు." అని ఏడ్చింది. పూసలు ఎవరూ బయటకు తీయలేదు. ఇటుక మళ్ళీ ఎక్కడిదక్కడ పెట్టాం.

మా ఆవిడ అక్కడే మోకాళ్ళ మీద కూర్చుంది. మగవాళ్ళం మొహాలు తిప్పుకున్నాం. ఆమె పాలు పిండి ఆ మట్టిలో పోసింది. "తాగమ్మా, ఇంక తాగు, ఎవురూ ఏమీ అనరు" అనడం మాత్రం నాకు వినిపించింది. ఆ తర్వాత ఏడుపు అందుకుంది. అది దొరబిడ్డ కోసం కాదు, మా పాపను పేరు పెట్టి పిలిచి పిలిచి ఏడ్చింది. ఏడు నెలల ఏడుపు. నేను పోయి పక్కన కూలబడ్డాను. పై అధికారి చూస్తున్నాడన్న సిగ్గు కూడా లేకుండా నేనూ ఏడ్చాను. ఓబులమ్మ ఇద్దరి తలల మీదా చెరో చెయ్యి వేసి పట్టుకుంది.

బండి ఎక్కబోయిన రాయి దిగింది. మా నాయన గనిలో చేసే పద్ధతిలో కింద దుంగలు వేసి, వెనక గునపాలతో నెడుతూ, గట్టు మీద నుంచి చేను నడిమికి దొర్లించాం. ఊరంతా చెయ్యి వేసింది. ఆ వెంటనే కట్టడి కూడా చేయించాం. చుట్టూ మోకాటెత్తు గోడ, ఆడవాళ్ళు పోవడానికి ఒక దారి. కాశయ్య ఆ మేర నాగలి పెట్టనని ఒట్టు వేశాడు. రాయి మీది మాట ఇప్పుడు నిజమైంది.

ఆఫీసరు గారు రిపోర్టు రాసేటప్పుడు కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నారు. అంత పెద్ద చేలో సరిగ్గా అక్కడే ఎందుకు తవ్వారని పైవాళ్ళు అడిగితే ఏం చెప్పాలయ్యా అన్నారు. నాకు తెలీదండీ అన్నాను. చివరికి 'వెతకగా సమాధి దొరికింది' అని రాసి సంతకం పెట్టారు. అందులో అబద్ధం లేదు.

నేను నా వంతు ఆరా తీశాను. అంత తేలిగ్గా లొంగే రకాన్ని కాదు. ఆ చోట పైరు తేడాగా వచ్చేదేమో, ఎవరైనా నోరు జారి ఉంటారేమో అని కాశయ్యను గుచ్చి గుచ్చి అడిగాను. పైరులో తేడా లేదు, నేలలో ఎత్తుపల్లం లేదు, పాల సంగతి తప్ప ఊళ్ళో ఎవరికీ ఏదీ తెలీదు. నరసమ్మ ఆ చేలో కాలు పెట్టడం అదే మొదటిసారి. మార్కాపురంలో డాక్టరుగారిని అడిగితే, దుఃఖం ఎక్కువైతే ఆగిన పాలు తిరిగి రావడం ఉందయ్యా అన్నారు. ఒప్పుకుంటాను. రానీ. కాని అక్కడే ఎందుకు వచ్చాయి? దానికి ఆయన చేతులు కడుక్కుని లేచారు. ఆ పాలు ఆ ఒక్క పూటే. మర్నాటికి మళ్ళీ చుక్క లేదు.

అసలు నేను చెప్పాలనుకున్నది ఇంకా ఉంది.

తిరుగు బండిలో నరసమ్మ మాట్లాడుతూనే ఉంది. ఓబులమ్మ ఇచ్చిన సద్దిమూట గురించి, ఎద్దుల గురించి, నా గడ్డం మాసిందనీ. మార్కాపురం పొలిమేర దగ్గర పడ్డాక నా చెయ్యి పట్టుకుంది.

"మన బిడ్డను ఏడ పెట్టినారో సూపీ."

ఆచారం గుర్తొచ్చింది, మా నాయన గుర్తొచ్చాడు. ఆ ఊరి తల్లులందరికీ ఆ బిడ్డ చోటు చూపించి వచ్చి, ఈ తల్లికి చూపించనని ఏ మొహం పెట్టుకుని చెప్పను? బండి ఏటి వైపు తిప్పించాను.

తీరా పోతే నాకు చోటు తెలియలేదు. ఆ వానాకాలం ఏరు పొంగి వచ్చి పోయింది. కంపలు కొట్టుకుపోయాయి. ఇసుక మేటలు వేసింది. ఎటు చూసినా ఒకేలా ఉంది. ఇక్కడ అన్నాను, కాదు అక్కడ అన్నాను. ఎక్కడెక్కడి రాళ్ళో వెతికి కాపాడేవాణ్ణి, నా బిడ్డ చోటు నాకు దొరకలేదు.

నరసమ్మ నన్ను చూడలేదు. నేను వెతుకుతున్న చోటికి బాగా ఎడంగా, నేరుగా నడిచిపోయి, ఉత్త ఇసుక మీద కూర్చుంది. అక్కడ కాదే అన్నాను. అంటూనే దగ్గరికి పోయి, ఆమె ఒడి ముందు ఇసుక చేత్తో తీశాను. మోచేతి లోతులో వేళ్ళకు పలక అంచు తగిలింది. నిలువుగా ఉంది. పై కొన విరిగి ఉంది. మా నాయన దిగ్గొట్టిన ముక్క.

మా నాయన ఎవరికీ చెప్పలేదని ఒట్టు వేశాడు. నేను చెప్పలేదు. నీకెట్ల తెలిసిందే అని ఆ రోజూ అడిగాను, తర్వాత ఇన్నేళ్ళలో ఎన్నిసార్లో అడిగాను. విసుక్కుంటుంది. "నాకేం తెల్సయ్యా? కాళ్ళు ఆగినాయి, కూచ్చున్నా." అంతకు మించి ఆమె దగ్గర లేదు. నా దగ్గర అదీ లేదు. ఎంత అరిగిన రాతనైనా తడి కాగితం వేసి పైకి తెస్తాను. ఇది మాత్రం నాకు అంతుపట్టలేదు. ఇక పట్టదు కూడా.

ఆ ఇసుక మీద నరసమ్మ చేనులో లాగే చెవి వేసి వింటూ కూర్చుంది. ఇక్కడా ఏడుస్తోందంటే నేను తట్టుకోలేను. అయినా అడగకుండా ఉండలేకపోయాను.

"ఏడుస్తా ఉందా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. అరచేత్తో ఇసుకను మెల్లగా, ఉయ్యాల మీద చెయ్యి వేసినట్టు నిమిరింది.

"లేదయ్యా. కడుపు నిండా తాగింది. నిద్రపోతా ఉంది."

చీకటి పడేదాకా ఇద్దరం అక్కడే కూర్చుని, చప్పుడు చేయకుండా లేచి ఇంటికి వచ్చాం.